ఖర్చు లేకుండా బొమ్మలు వేయవచ్చా? పన్నెండేళ్ల అనుభవం నుంచి

గుంటూరులో చిన్న జీతంతో నెట్టుకొస్తున్నానని, బొమ్మలు వేయాలన్న కోరిక చిన్ననాటినుంచీ ఉన్నా క్లాసుల ఫీజులూ రంగుల ధరలూ చూసి వెనక్కి తగ్గుతున్నానని, పెద్దగా డబ్బు పెట్టకుండా ఈ ముచ్చట తీర్చుకునే దారి ఉందా అని మీరు అడిగారు. నేను విజయవాడ కృష్ణలంకలో ఉంటాను, వన్‌టౌన్‌లో ఒక టోకు బట్టల కొట్టులో లెక్కలు రాస్తాను. పన్నెండేళ్లుగా దాదాపు రోజూ ఏదో ఒకటి గీస్తూనే ఉన్నాను. దీనిమీద నెలకు వంద రూపాయలకు మించి ఖర్చుపెట్టిన సందర్భాలు తక్కువ, అందులోనూ ఎక్కువ భాగం బస్సు చార్జీలే.

మొదట్లో మాత్రం ఇలా లేదు. ఒక దసరా బోనసు చేతికి రాగానే ఆయిల్ రంగుల పెట్టె, అరడజను కాన్వాసులు, చెక్క స్టాండు కొన్నాను. అన్నీ కలిపి ఆరు వేలు దాటింది. ఆ ఏడాదంతా నేను వేసిన బొమ్మలు మూడు. కాన్వాసు ముందు కూర్చున్న ప్రతిసారీ దాని ధర గుర్తొచ్చి, ఒక గీత తప్పితే ఇంత డబ్బు వృథా అవుతుందన్న భయంతో చెయ్యి బిగుసుకుపోయేది. ఈలోగా మూతలు సరిగా బిగించని ట్యూబుల్లో రంగు గడ్డకట్టింది. స్టాండు మీద మా ఆవిడ తడి తువ్వాళ్లు ఆరేయడం మొదలుపెట్టింది, ఇప్పటికీ అది ఆ పనికే ఉపయోగపడుతోంది. నిజం చెప్పాలంటే ఆ సామగ్రి మొత్తంలో అంత చక్కగా పనికొచ్చిన వస్తువు మరొకటి లేదు.

చెయ్యి వదులైంది మా కొట్టులో పారేసే అట్టల వల్ల. బట్టల తానుల మధ్యలో గోధుమరంగు అట్టలు వస్తాయి, తాను అమ్ముడయ్యాక వాటిని ఎవరూ పట్టించుకోరు. ఒక మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఎదురుగా మూటమీద తల ఆన్చి కునుకు తీస్తున్న హమాలీని బాల్‌పెన్నుతో ఒక అట్టమీద గీశాను. (నిద్రపోయే మనిషిని మించిన మోడల్ లేడు, కదలడు, బాగాలేదని అనడు.) బొమ్మ బాగా కుదరలేదు గాని, ఆ సాయంత్రానికి ఏడు అట్టలు నిండాయి, ఏడాదిలో వేసిన మూడు బొమ్మలకన్నా వాటిలోనే నేను ఎక్కువ నేర్చుకున్నాను. పైగా అట్ట రంగు ఒక సౌకర్యం. తెల్లకాగితం మీద నీడలన్నీ మనమే నింపాలి. గోధుమరంగు అట్టమీదైతే మధ్యస్థమైన ఛాయ ముందే ఉంటుంది కనుక, నీడపడిన చోట బొగ్గు, వెలుగు తగిలిన చోట సుద్దముక్క పెడితే ముఖం పైకి లేచి వస్తుంది.

బొగ్గు కూడా కొననక్కరలేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డమీద తొలి గీతలకు చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గునే వాడతారు. ఇంట్లో చేసుకునే పద్ధతి ఇది. పెన్సిలు మందాన ఉన్న ఎండు చింతపుల్లలను తొక్క ఒలిచి, జానెడు పొడవున కోసి, రేకు డబ్బాలో కదలకుండా కిక్కిరిసేలా నిలబెట్టాలి. గట్టిగా పట్టే మూత బిగించి, దానికి మేకుతో ఒకే ఒక్క చిల్లు పెట్టి, డబ్బాను ఆరుబయట కట్టెల మంటలో ఉంచాలి. చిల్లులోంచి మొదట తెల్లటి పొగ వస్తుంది, అది పూర్తిగా ఆగినప్పుడు డబ్బాను పక్కకు తీయాలి. లోపలికి గాలి అందదు గనుకనే పుల్లలు బూడిద కాకుండా బొగ్గుగా మారతాయి. నేను మొదటిసారి ఆత్రం పట్టలేక వేడిమీదే మూత తీశాను. గాలి తగలగానే పుల్లలు రాజుకుని, నా కళ్లముందే సగం బూడిదయ్యాయి. రాత్రంతా చల్లారనిచ్చి మర్నాడు తీయండి. ఒక డబ్బా బొగ్గు నాకు ఆరు నెలలు వస్తుంది.

రంగుల విషయానికి వస్తే, అసలైన నీటిరంగుల్లో పొడిని కాగితానికి పట్టి ఉంచేది తుమ్మజాతి చెట్ల జిగురే. కాబట్టి తుమ్మ జిగురును రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున పలచటి గుడ్డలో వడకట్టుకుంటే సగం పని అయినట్టే. అందులో పసుపు కలిపితే పసుపుపచ్చ. అదే పసుపులో తమలపాకులకు రాసే సున్నం చిటికెడు వేస్తే క్షణంలో ఎర్రబారుతుంది, పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి అదే గదా. బట్టలకు పెట్టే నీలిమందు, చిక్కగా మరిగించిన టీ డికాషన్, పొయ్యి మసి కూడా చేరితే నాలాంటివాడికి కావలసిన రంగులన్నీ వచ్చినట్టే. ఒక్క హెచ్చరిక: పసుపు ఎండకు నిలవదు. కిటికీ పక్కన తగిలించిన నా చేమంతులు వేసవి ముగిసేసరికి వెలిసిపోయాయి, పుస్తకంలో మూసి ఉంచినవి మాత్రం ఇప్పటికీ బాగున్నాయి.

ఇక క్లాసుల సంగతి. గురువు ఉంటే మంచిదే, కాదనను. అయితే ఫీజు కట్టలేని నాబోటివాళ్లకు ఈ రెండు ఊళ్ల చుట్టూ ఉన్న రాళ్లు చాలా నేర్పుతాయి. దూరమయ్యేకొద్దీ వస్తువులు ఎలా చిన్నవవుతాయో నేను ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు, ఉండవల్లిలో కొండను తొలిచిన నాలుగంతస్తుల గుహాలయంలో స్తంభాల వరుసలను పదేపదే గీసి తెలుసుకున్నాను. కొండపల్లిలోనైతే ఎవరింటి అరుగు దగ్గరైనా అనుమతి అడిగి కాసేపు నిలబడితే చాలు, తెల్లపొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దతో వాటిని అతికించే పని కళ్లారా చూడవచ్చు. బొమ్మ కొనకుండా వచ్చేయడం కొంచెం ఇబ్బందిగా ఉంటుంది గనుక, నేను ఏడాదికొకటి చొప్పున చిన్నది కొంటాను.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ ఉపయోగపడింది అమరావతి, అది మీకూ దగ్గరే. అక్కడి స్తూప శిల్పాల్లో చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియానికీ లండన్‌కూ తరలిపోయినా, స్థానిక పురావస్తు మ్యూజియంలో మిగిలినవి ఒకరోజులో గీయగలిగినవి కావు. నేను అక్కడ ఒక గుండ్రటి పద్మాన్ని పట్టుకుని నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. వృత్తలేఖినితో వలయాలు గీసి, రేకులను కొలతపెట్టి పంచినా నా పద్మం సైకిలు చక్రంలాగే కనబడింది. నాలుగో ఆదివారం మా ఆవిడ నాతో వచ్చింది. 2025 ఆగస్టు నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు గనుక, ఆ రోజు ఇంట్లో టికెట్టు కొన్నది నేనొక్కడినే. ఆమె ఆ రాతిని కాసేపు చూసి, "ఇది సందుచుక్కల ముగ్గు కదండీ! లోపలి వరస రేకుల సందుల్లోంచి వెనక వరస మొనలు పైకి వస్తున్నాయి. మీరేమో అన్నిటినీ ఒకే తిన్నన పెట్టారు" అన్నది. నా చేతిలోని అట్ట తీసుకుని, చుక్కలు పెట్టి, వృత్తలేఖిని ముట్టకుండా పది నిమిషాల్లో వేసి ఇచ్చింది. ముప్పై ఏళ్లుగా రోజూ మా గడప ముందు ముగ్గు వేసే మనిషిని పక్కన పెట్టుకుని నేను ఎక్కడెక్కడో వెతికాను. ఇప్పుడు ఆ బొమ్మ మా ఇంట్లో గోడమీద ఉంది, కింద సంతకం ఆమెది.

మీ ఇంట్లోనూ ముగ్గో, కుట్టుపనో, పూలమాలలు కట్టడమో బాగా వచ్చినవాళ్లు ఉండే ఉంటారు, ఒకసారి పక్కన కూర్చుని చూడండి. అమరావతి వెళ్లదలిస్తే శుక్రవారం మ్యూజియానికి సెలవని గుర్తుంచుకోండి. బొగ్గు మాత్రం తీసుకెళ్లవద్దు. దాని పొడి రాలి నేల పాడవుతుంది. పెన్సిలుతో గీసుకుంటానని ముందుగా అక్కడివారిని అడగండి, నన్నయితే ఎప్పుడూ కాదనలేదు. అట్టలు కావలసివస్తే మీ ఊళ్లోనే ఏదైనా బట్టల కొట్టులో మధ్యాహ్నం మూడు గంటల వేళ, గిరాకీ పలచగా ఉన్నప్పుడు అడగండి.