టైమ్స్ న్యూ రోమన్ ఫాంట్ అక్షరాలు ఎందుకంత ఇరుకుగా ఉంటాయి?

వార్తాపత్రికలోని సన్నని కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలని గీసిన అక్షరాలు కాబట్టే అవి ఇరుకుగా ఉంటాయి. లండన్ పత్రిక 'ది టైమ్స్' కోసం స్టాన్లీ మోరిసన్ పర్యవేక్షణలో విక్టర్ లార్డెంట్ వీటిని గీశారు. 1932 అక్టోబర్ 3న పత్రిక వీటితో వెలువడింది. వెడల్పు తగ్గితే చదవడం కష్టమవుతుంది. అందుకే చిన్నబడి (a, e, x లాంటి) అక్షరాల ఎత్తు కాస్త పెంచారు. నిలువు గీతలు లావుగా, అడ్డగీతలు సన్నగా, కొసల్లో చిన్న పాదాల్లాంటి సెరిఫ్‌లు ఉంటాయి. చాలా తెలివైన పొదుపు ఇది!

ఒక ఇంగ్లీషు పేజీని 12 పాయింట్ల టైమ్స్‌లో పెట్టి, అదే సైజులో జార్జియా అనే ఫాంట్‌కు మార్చి చూడండి: పంక్తులు పెరిగి కింది పేజీలోకి జారతాయి.

టైమ్స్ న్యూ రోమన్ మైక్రోసాఫ్ట్ తయారుచేసిన కంప్యూటర్ ఫాంట్ అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వర్డ్‌లో ఏళ్ల తరబడి ముందుగానే ఎంచి ఉండడం వల్ల ఆ భావన స్థిరపడింది. నిజానికి ఇది సీసపు అచ్చుల కాలంలో పుట్టింది.