నర్సరీలో సంపెంగ అడిగితే దుంపలు ఇచ్చారు. మోసపోయానా?

లేదండీ, మీరు మోసపోలేదు. ఉల్లిగడ్డ లాంటి దుంపలు, గడ్డిలా సన్నటి ఆకులు అని రాశారు కదా, అది నేలసంపెంగ. మన అనంతపురం పూల అంగళ్లలో లిల్లీ అంటారే, అదే. నిజానికి లిల్లీల కుటుంబం కాదిది, పొలం గట్ల మీది కిత్తనారకు చుట్టం. అందుకే 2017లో దీని శాస్త్రీయ నామం అగేవ్ అమికాగా మారింది. పాత పేరు పోలియాంథిస్ ట్యూబరోసా, అంటే దుంపలున్నది అని. ఇంగ్లీషులో ట్యూబరోజ్ అన్నా గులాబీతో సంబంధం లేదు. పుట్టిల్లు మెక్సికో. మడకశిర వైపు నుంచి వచ్చిన మా జేజి మాత్రం కన్నడంలో సుగంధరాజ అనేది. నాకు ఆ పేరే ఇష్టం.

మీ మనసులో ఉన్నది బంగారు రంగు పూల చెట్టు సంపెంగ, మాగ్నోలియా చంపకా. కొన్ని పుస్తకాల్లో మైకేలియా చంపకా అని ఉంటుంది. ఆకుల్లో దాక్కుని పూసే ఆకుసంపెంగ, అదే మనోరంజితం, ఇంకొకటి. అది సీతాఫలం కుటుంబం.

దుంపలు ఎలాగూ తెచ్చుకున్నారు, నాటండి. నేను తొలిసారి ఎండలకు భయపడి మిద్దె మీద బకెట్లలో రోజూ రెండు పూటలా నీళ్లు పోశాను. పన్నెండింటిలో తొమ్మిది కుళ్లిపోయాయి. తవ్వి చూస్తే వేలికి గుజ్జులా అంటుకున్నాయి. ఏడుపొక్కటే తక్కువ. మరుసటి ఏడు బకెట్ల అడుగున రంధ్రాలు చేసి, ఎర్రమట్టిలో ఇసుక, పశువుల ఎరువు కలిపి, రెండంగుళాల లోతున నాటాను. పైమట్టి ఆరాకే నీళ్లు. నాలుగో నెలలో కాడ లేచింది. మొగ్గ తాకితే మైనం పూసినట్టు నున్నగా ఉంది, కొసన లేత గులాబీ ఛాయ. అది ప్రజ్వల్ రకం, బెంగళూరు దగ్గరి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థలో పుట్టింది. పూలు కింది నుంచి పైకి, జతలు జతలుగా విచ్చుకుంటాయి. చీకటి పడ్డాక వాసన మెట్లు దిగి వంటింటి దాకా వచ్చేది.

ఈసారి కొంటే సింగిల్ రకమే, అంటే ఒకే వరస రేకులదే అడగండి. రేకులు వరసలు వరసలుగా ఉండే డబుల్ బొకేలకు బాగుంటుంది కానీ వాసన తక్కువ. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు, పక్కన పుట్టే పిల్ల దుంపలే పూస్తాయి, వాటిని పారేయకండి. చెట్టు సంపెంగ కూడా కావాలంటే అంటు మొక్క తెచ్చుకోండి. విత్తనం మొక్కయితే పూతకు ఏళ్లు పడుతుంది.