యుద్ధం రోజుల్లో బ్రిటన్ పిల్లలకి చెక్క బొమ్మలు ఇంట్లోనే చేసేవారా?

రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడి పిల్లలు ఇంట్లో చేసిన చెక్క బొమ్మలతోనే ఆడుకునేవారట, నిజమేనా అని అడిగారు కదా, చాలావరకు నిజమే. నేను ఉండేది ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో. మా పక్కింటి పెద్దావిడ యుద్ధానికి కాస్త ముందు పుట్టారు, ఆవిడ దగ్గర అలాంటి బొమ్మలు రెండు ఇంకా ఉన్నాయి, చేత్తో పట్టుకుని చూశాను కాబట్టి చెబుతున్నాను.

అసలు బొమ్మల ఫ్యాక్టరీలే యుద్ధం పనిలోకి వెళ్ళిపోయాయి. ట్రయాంగ్ బొమ్మలు చేసే లైన్స్ బ్రదర్స్ స్టెన్ తుపాకులు తయారుచేసింది, లివర్‌పూల్‌లో, ఇనప ముక్కల్ని మరలతో బిగించి ఆడుకునే బొమ్మలు చేసే మెకానో వాళ్ళూ బొమ్మలు ఆపేశారు. ఇనుము లేకపోతే పోనీ చెక్కైనా దొరికేదా అంటే అదీ కష్టమే, ఎందుకంటే బ్రిటన్‌కి కలప ఎక్కువగా ఓడల్లోనే రావాలి, 1939లోనే ప్రభుత్వం దాని మీద కంట్రోల్ పెట్టింది. అందుకని మన కొండపల్లి వాళ్ళు తెల్ల పొణికి కర్ర చూసి తెచ్చుకున్నట్టు ఊహించుకోకండి. విరిగిన ప్యాకింగ్ పెట్టె, టీ పొడి వచ్చిన ప్లైవుడ్ పెట్టె, ఏది దొరికితే అది.

ఆవిడ లారీ బొమ్మ అలాంటిదే. వాళ్ళ నాన్న విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసేవారు, డ్యూటీ దిగాక వంటింటి బల్ల మీద చేశారట. తిరగేసి చూస్తే పెట్టె మీద అచ్చేసిన నల్ల అక్షరాలు అడుగున సగం సగం ఇంకా కనిపిస్తాయి, చక్రాలేమో ఖాళీ దారపు రీళ్ళని అడ్డంగా కోసినవి. రంగు ముదురు ఆకుపచ్చ ఒక్కటే, డబ్బాలో మిగిలింది అదేనట. కానీ అంచులన్నీ ఎంత నున్నగా రుద్దారో, ఎక్కడా చెయ్యి గీసుకోదు. ఇలాంటివాటిని కొనలేక చేసుకున్న సరుకు అని తీసిపారేస్తే నాకు బాధేస్తుంది.

ఇళ్ళలోనే కాదు, ఫైర్ స్టేషన్లలో కూడా చేసేవారు. బాంబులు పడని రాత్రుళ్ళు పిలుపు కోసం కూర్చునే సిబ్బంది తుక్కు చెక్కతో బొమ్మలు చేసి, తల్లులు ఫ్యాక్టరీకి వెళ్తే పిల్లల్ని చూసుకునే నర్సరీలకి ఇచ్చేవారు.

రెండో బొమ్మ చేసింది ఒక జర్మన్ ఖైదీ. 1945లో యుద్ధం ముగిసినా వేలమంది ఖైదీల్ని పొలం పనులకి ఇక్కడే ఉంచేశారు, చివరివాళ్ళు వెళ్ళేసరికి 1948 వచ్చింది. 1946 క్రిస్మస్‌కి వాళ్ళని ఇళ్ళకి పిలవడానికి ప్రభుత్వం ఒప్పుకుంది, అప్పుడు భోజనానికి వచ్చినతను ఇచ్చాడట. నాన్నని బాంబుల కింద పనిచేయించిన దేశం మనిషి, కూతురికి గింజలు తినే కోళ్ళు చెక్కి తెచ్చాడు! పిడి ఉన్న పలక, దాని మీద కోళ్ళు, మెడలకి కట్టిన దారాలు పలక చిల్లుల్లోంచి దిగి కింద ఒక చెక్క గుండుకి కలుస్తాయి, పలకని గుండ్రంగా తిప్పితే గుండు ఊగి కోళ్ళు ఒకదాని తర్వాత ఒకటి టకటకా పొడుస్తాయి. ఇప్పటికీ పనిచేస్తోంది.

మీ పిల్లలకి ఏదైనా చేయాలనుకుంటే ఈ కోళ్ళ బొమ్మే చేయండి. దారాలన్నీ సమానంగా బిగించాలి, గుండు కాస్త బరువుండాలి, అంతే. పాతకాలం నాటి అసలు బొమ్మ దొరికితే మాత్రం పసిపిల్లల చేతికి ఇవ్వకండి, అప్పటి రంగుల్లో సీసం ఉండేది, నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.