అంచు తడిమి చూడు తల్లీ

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు ఇంజినీరింగు వద్దన్నావట. హైదరాబాదులో నిఫ్ట్ అనే ఫ్యాషన్ కాలేజీలో నాలుగేళ్ళు ఫ్యాషన్ కమ్యూనికేషన్ చదివి, ఆ తరువాత రెండేళ్ళు ఫ్యాషన్ మేనేజ్‌మెంట్ కూడా చేస్తానన్నావట. "అది ఏం చదువో మీరైనా చెప్పండి నాన్నా" అని అడిగింది. నాకు వెంటనే మాట రాలేదు. విజయవాడ వన్‌టౌన్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు చీరలు కొని, చీరలు అమ్మి బతికిన మనిషిని నేను. ఎవరైనా ఏం చేస్తారని అడిగితే "బట్టల కొట్లో పని" అని తలవంచుకుని చెప్పేవాణ్ణి. ఆ పనికి ఒక చదువు ఉందనీ, దాన్ని నా మనుమరాలు కోరి చదువుతుందనీ వింటే కళ్ళు చెమర్చాయి. కాసేపటికే భయం కూడా పట్టుకుంది. నిద్ర పట్టక లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తెలిసిన సంగతులు త్వరగా చెప్పేస్తాను. ప్రవేశ పరీక్షకు బొమ్మలు, లెక్కలు, ఇంగ్లీషు రోజూ సాధన చెయ్యి. సామగ్రి చేతికిచ్చి వస్తువు తయారు చేయమనే పరీక్ష కూడా ఉంటుందట కాబట్టి కత్తెర, జిగురు, తీగ చేతికి అలవాటు చేసుకో. ధ్రువపత్రాల నకళ్ళు నాలుగు జతలు దగ్గర ఉంచుకో. హాస్టల్లో రాత్రి అన్నం మానకు. జీతం ఇవ్వకుండా "అనుభవం వస్తుంది" అని పని చేయించుకునేవాళ్ళ దగ్గర ఎక్కువ రోజులు ఉండకు. ఫీజు సంగతి నాకు వదిలెయ్యి.

చదువు గురించి మీ అమ్మకు ఉన్న బెంగ నాకు లేదు. పేర్లు కొత్తవి గానీ అందులో చాలా భాగం నాకు ఎరుకైన పనే. రాబోయే సీజనులో ఏది అమ్ముడుపోతుందో ముందే అంచనా కట్టడం అక్కడ ఒక పాఠమట. మేము ఆ లెక్క గుంటూరు మిర్చి యార్డు దగ్గర మొదలుపెట్టేవాళ్ళం. మిర్చికి ధర పలికిన ఏడాది వేసవి పెళ్ళిళ్ళకు పట్టుచీరలు నిలిచేవి కావు. ధర పడిపోయిన ఏడాది అవే కుటుంబాలు నూలు చీరలతో సరిపెట్టుకునేవి. డిసెంబరు వస్తుందంటే గుంటూరు కొట్లకు తెల్లచీరలు ముందుగానే పంపాలి, క్రిస్మస్ గిరాకీ. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కనుక పాత సరుకు ధర తగ్గించి వదిలించుకుంటే, శ్రావణానికి కొత్త సరుకు తెచ్చేందుకు చేతిలో డబ్బు ఆడుతుంది. కొనేవాళ్ళ ఇంట్లోకి డబ్బు ఎప్పుడు వస్తుందో, ఎందుకు వస్తుందో తెలియకుండా వాళ్ళు ఏ రంగు ఇష్టపడతారో ఊహించి లాభం లేదు. నీ పుస్తకాల్లో ఇది ఏ పేరుతో ఉన్నా ఆ పాఠాన్ని శ్రద్ధగా చదువు.

ఇక నాకు కోపం వచ్చిన సంగతి. పోయిన నెలలో నీ స్నేహితురాలి అమ్మగారి కొట్టు కోసం నువ్వు తీసిన ఫొటో మీ అమ్మ చూపించింది. వెలుతురు చక్కగా పడింది, కొంగు మడత బాగా కుదిరింది. కింద "అచ్చమైన మంగళగిరి చేనేత" అని నువ్వే రాశావు. ఆ చీర అంచు తడిమి చూశావా? ఎవరు నేశారని అడిగావా? మీ అమ్మను అడిగితే "వాళ్ళు చెప్పారు, రాసింది" అంది. నా భయమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది తల్లీ. నేను కూడా ఒకసారి అలాగే రాశాను.

1997 దసరా ముందు సంగతి. అప్పటికి కొట్లో కొనుగోళ్ళు నేనే చూసేవాణ్ణి. కరపత్రాలు రాయడం కూడా నాకే అప్పగించారు, అక్షరం బాగుంటుందని. మంగళగిరి నుంచి ఒక నేత పెద్ద పదేళ్ళుగా మాకు సరుకు ఇచ్చేవాడు. ఒళ్ళంతా సాదాగా, అంచున సన్నని జరీతో ఉండే నిజాం అంచు చీరలు. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి ఉత్సవాలకు వచ్చే జనం కొట్టు ముందు నుంచే నడుస్తారు కదా, ఆ పది రోజులకని మూడు వందల చీరలు చెప్పాను. ఆయన "వానలండీ" అన్నాడు. నేను వినిపించుకోలేదు. తేదీ నేనే వేసుకున్నాను.

వానలంటే ఏమిటో నాకు తెలియక కాదు. అక్కడివి గుంట మగ్గాలు. నేతగాడు నేల మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి దించి తొక్కుతాడు. ముసురు పట్టిందంటే గుంటలో చెమ్మ ఊరుతుంది. పడుగును, అంటే నిలువు దారాలను, వీధి పొడవునా సాచి గంజి పట్టించి ఆరబెట్టాలి, చినుకు పడుతుంటే అది సాగదు. పడుగు సిద్ధం కాకపోతే మగ్గం ఖాళీ, ఇంటిల్లిపాదీ ఖాళీ. ఇదంతా కళ్ళారా చూసినవాణ్ణి. అయినా కొట్లో గద్దె మీద కూర్చుంటే క్యాలెండరు తప్ప మరేమీ కనిపించలేదు.

నూట ఇరవై చీరలు వచ్చాయి. కరపత్రాలు అప్పటికే అచ్చయి పత్రికల మధ్య పెట్టి ఊరంతా పంచేశారు. "మగ్గం మీది నుంచి నేరుగా మీ చేతికి, అసలైన మంగళగిరి నేత" అని నా వాక్యమే. తక్కిన నూట ఎనభైకి మరమగ్గం, అంటే కరెంటు మగ్గం, సరుకు తెప్పించాను. అదే అంచు, అవే రంగులు, ధర సగం కంటే తక్కువ. రెండూ కలిపి ఒకే దొంతరగా పేర్చాను. కలిపి పేర్చమని నాకు ఎవరూ చెప్పలేదు. మంగళగిరి నేత అని పెట్టిన బోర్డు మార్చమని కూడా ఎవరూ అడగలేదు. అన్నీ చేనేత ధరకే అమ్ముడుపోయాయి. యజమాని నాకు కొత్త పంచెల చాపు పెట్టాడు.

పండుగ ఎనిమిదో రోజున ఆ పెద్దమనిషి మిగిలిన డబ్బు కోసం వచ్చాడు. గద్దె పక్కన నిలబడి దొంతరలోంచి ఒక చీర లాగాడు. అంచు వెంట వేలితో నెమ్మదిగా తడిమాడు. మగ్గం మీద బట్ట వెడల్పు కుంచించుకుపోకుండా ఒక బద్ద పెడతారు. దాని మొనలు గుచ్చుకున్న చిన్న రంధ్రాలు చేనేత చీర అంచుల్లో కనబడతాయి. ఆ చీరకు అవి లేవు. ఇంకొకటి లాగాడు, దానికీ లేవు. మూడోది తనదే. దాన్ని మాత్రం మడత పెట్టి విడిగా ఉంచాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "ఖాతా మూసేయండి బాబూ" అన్నాడు. లెక్క కట్టి ఇచ్చాను. డబ్బు కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

అంతటితో అయిపోయినా బాగుండేది. ఆ మరుసటి ఏడు చుట్టుపక్కల కొట్లన్నీ అదే సరుకు తెచ్చాయి. "ఇదే చీర ఫలానా కొట్లో రెండు వందలు తక్కువకే ఇస్తున్నారు" అని కొనేవాళ్ళు బేరం ఆడసాగారు. నిజంగా నేసినవాడు కూడా ఆ ధరకే ఇవ్వాల్సి వచ్చింది. ఆ రెండు వందలూ చివరికి తెగింది నేతగాడి కూలిలోనే. ఆయన కొడుకు మగ్గం దిగి స్పిన్నింగు మిల్లుకు పనికి వెళ్ళాడని తరువాత విన్నాను. కొన్ని రకాల బట్టలు చేనేతకే కేటాయిస్తూ 1985లోనే కేంద్రం చట్టం చేసింది. అసలైన చేనేతని తెలిపేందుకు 2006లో హ్యాండ్‌లూమ్ మార్కు అని ఒక గుర్తు కూడా వచ్చింది. ఆ గుర్తు చూసినప్పుడల్లా నాకు ఆ వేలు గుర్తుకు వస్తుంది.

అందుకే చెబుతున్నాను. నువ్వు నేర్వబోయేది నలుగురిని నమ్మించే విద్య. ఫొటో, మాట, అద్దాల వెనుక బొమ్మకు చీర కట్టే తీరు, అన్నీ అందుకే. నా చేతిలో ఉన్నది ఒక కరపత్రం, అది పంచింది ఒక్క ఊళ్ళో. నీ వాక్యం ఒక్క రోజులో ఎంతమంది కంట పడుతుందో తలచుకుంటే నాకు దడ పుడుతోంది. రాసే ముందు బట్ట ముట్టుకో. అంచు చూడు. పడుగు ఏ నూలు, అడ్డంగా నేసే పేక ఏ నూలు అని అడుగు. కలంకారీ అని రాయమంటే పెడనలో చెక్క అచ్చులతో అద్దిందా, శ్రీకాళహస్తిలో కలంతో గీసిందా అని అడుగు. రెండూ కాకుండా యంత్రం మీద అచ్చేసిన బట్ట అయితే "కలంకారీ డిజైను ప్రింటు" అని రాయి. అలా రాస్తే అమ్ముడుపోదని ఎవరైనా అంటే, ఇంకా బాగా రాయడం నీ పని. నీకు ఆ తెలివి ఉంది. చిన్నప్పుడు కొట్లో నా పక్కన కూర్చుని, ముక్కల చీటీల మీద రంగుల పేర్లు నువ్వే పెట్టేదానివి. "వానకు ముందు ఆకాశం" అని ఒక బూడిదరంగు చీరకు రాశావు. ఆ చీటీ చూసి ఒకావిడ ఆ చీర కొనుక్కుంది. అందులో అబద్ధం లేదు.

సరుకు తేదీ వేసే ముందు నేసేవాడిని అడుగు. నేను నీకు అప్పగించే మేనేజ్‌మెంట్ పాఠం ఇదే. నిఫ్ట్‌లో పిల్లలను చేనేత ఊళ్ళకు పంపి చూపిస్తారట. అక్కడ ఫొటోల కంటే ముందు వాళ్ళ వానాకాలం ఎలా గడుస్తుందో తెలుసుకో.

నీ స్నేహితురాలి అమ్మగారికి ఇవాళే ఫోను చెయ్యి. అది ఏ మగ్గం చీరో తేలేదాకా ఆ ఫొటో కింది మాట తీసెయ్యి. నేను కేకలు వేశానని ఏడవకు. నీ మీద కోపం కాదు అది.

కాలేజీ తెరిచే లోపు ఒక రోజు విజయవాడ రా. మంగళగిరి ఇక్కడికి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. ఆ పెద్దమనిషి ఇప్పుడు లేడు. ఆయన కోడలు అదే ఇంట్లో ఇంకా నేస్తోందని విన్నాను. రెండుసార్లు ఆ వీధి మొదటి దాకా వెళ్ళి, కాళ్ళు ఆడక తిరిగి వచ్చాను. నువ్వు పక్కన ఉంటే లోపలికి వస్తాను. ముందు నువ్వు కొండెక్కి పానకాల స్వామికి పానకం పోయించి రా, మెట్లు నా మోకాళ్ళ వల్ల కావు. స్వామి వదిలిన సగం సీసాలో పట్టుకుని దిగిరా. నేను కింద గాలిగోపురం దగ్గర కూర్చుని ఉంటాను.

మీ తాతయ్య