కార్బన్ డాట్స్ నీలంగా మెరుస్తున్నాయి, సీవీలో మాత్రం పీక్ లేదు. ఎక్కడ తేడా కొట్టింది?

మీ ఎంఎస్సీ ప్రాజెక్టులో ఎదురైందని మీరు రాసిన ప్రశ్న ఇది. కార్బన్ డాట్స్ అంటే కొన్ని నానోమీటర్ల కార్బన్ రేణువులు, సీవీ (సైక్లిక్ వోల్టామెట్రీ) అంటే వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలిచే పరీక్ష. ఆ నీలి మెరుపు చూసి డాట్స్ వచ్చేశాయని, వాటిలోకి నైట్రోజన్ కూడా ఎక్కేసిందని అప్పుడే అనుకోకండి. సిట్రిక్ యాసిడ్, యూరియా కలిపి ఆటోక్లేవ్‌లో (మూసి వేడి చేసే పీడన పాత్ర) 180 డిగ్రీల దగ్గర ఉంచానని, యూవీ టార్చ్ వేస్తే ద్రావణం మెరిసిందని రాశారు. అలా మెరవడానికి డాట్స్ తయారవ్వాల్సిన పనే లేదు. ఈ రెండూ కలిస్తే సిట్రాజినిక్ యాసిడ్ లాంటి చిన్న అణువులు పుడతాయి. అవి 340-350 నానోమీటర్ల కాంతిని పీల్చుకుని 440 చుట్టుపక్కల నీలంగా మెరుస్తాయి, అంటే డాట్స్ మెరుస్తాయని అందరూ రాసే చోటే. యూరియా బదులు ఇథిలీన్ డయమీన్ వాడినా ఇదే తంతు, అక్కడ పుట్టేది ఐపీసీఏ అనే మెరిసే చిన్న అణువు. 2013లో చైనాలోని జిలిన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ దారిలో దాదాపు 80 శాతం క్వాంటమ్ యీల్డ్ (పీల్చుకున్న కాంతిలో తిరిగి మెరుపుగా వచ్చే వాటా) సాధించారు. ఆ వెలుగులో పెద్ద వాటా ఐపీసీఏదని తర్వాత అదే బృందం చూపించింది.

నా పీహెచ్‌డీ అంతా ఈ పదార్థంతోనే గడిచింది కాబట్టి చెబుతున్నా, డయాలసిస్ (సన్న రంధ్రాల సంచిలో పోసి చిన్న అణువులను బయటి నీళ్లలోకి వదిలించడం) దగ్గర బద్ధకిస్తే ఆ తర్వాత తీసే ప్రతి గ్రాఫూ అనుమానమే. సెంట్రిఫ్యూజ్, 0.22 మైక్రాన్ ఫిల్టర్ పెద్ద ముక్కలను ఆపుతాయి తప్ప ఈ అణువులను ఆపలేవు. 1 కిలోడాల్టన్ (అణుభారం సుమారు 1000) లోపు అణువులను వదిలే బ్యాగ్ తీసుకుని నీళ్లు మారుస్తూ ఉండండి. పారబోసే ముందు ఆ బయటి నీళ్లకూ ఫ్లోరెసెన్స్ (మెరుపు కొలత) తీయండి. మా ల్యాబ్‌లో మొదట్లో బయటి నీళ్లు జిగేల్‌మనేవి, లోపల మిగిలింది నీరసంగా ఉండేది. కొత్తగా చేరినవాళ్లకు అక్కడే టెన్షన్ మొదలయ్యేది, క్వాంటమ్ యీల్డ్ పడిపోతుంది మరి. పడనివ్వండి. బయటి నీళ్లు మెరవడం ఆగాక లోపల ఎంత మిగిలితే అంతే మీది. కరివేపాకు రసంతో, పండ్ల తొక్కలతో డాట్స్ చేసే ఫ్యాషన్ ఒకటుంది. సిట్రిక్ యాసిడ్‌తోనే ఇంత తికమక ఉంటే, ఏమేం కలిసి ఉన్నాయో తెలియని రసంతో ఏం తేలుస్తాం?

ఫ్లోరెసెన్స్ తీసేటప్పుడు ఎక్సైటేషన్ (మెరిపించడానికి వేసే కాంతి) దగ్గర అబ్సార్బెన్స్ (ఆ కాంతిని పీల్చుకునే కొలత) 0.1 దాటకుండా పలుచన చేయండి. ఉత్త నీళ్ల స్పెక్ట్రమ్ కూడా పక్కన ఉంచుకోండి. 350 నానోమీటర్లతో ఎక్సైట్ చేస్తే నీళ్ల రామన్ పీక్ (నీళ్లే కాంతిని చెదరగొట్టడం వల్ల వచ్చేది) 397 దగ్గర, 400తో చేస్తే 463 దగ్గర వస్తుంది. ఆ పీక్ అలా జరుగుతూ పోతుంటే చూసి, ఎక్సైటేషన్‌ను బట్టి డాట్స్ ఎమిషన్ (వెలువడే కాంతి) మారుతోందని రాసేసేవాళ్లున్నారు. నైట్రోజన్ సంగతి మాత్రం ఎక్స్‌పీఎస్ (ఎక్స్-కిరణాలతో మూలకాలను, వాటి బంధాలను గుర్తించే పరీక్ష) చెప్పాలి. కార్బన్‌లో నైట్రోజన్ ఇమిడే రకాలను బట్టి పిరిడినిక్ 398.5, పైరోలిక్ 400, గ్రాఫిటిక్ 401 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ చూడండి. అదీ డయాలసిస్ అయ్యాకే, మిగిలిపోయిన యూరియాలోనూ నైట్రోజనే కదా.

ఇక సీవీ. ఇలాంటి కార్బన్‌కు స్పష్టమైన రెడాక్స్ (ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోలు) పీక్ ఉండి తీరాలని లేదు, దానికి కంగారు వద్దు. అసలు చిక్కు ఏమిటంటే ఈ డాట్స్ నీళ్లలో ఇట్టే కలిసిపోతాయి. గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద చుక్క వేసి, ఆరబెట్టి, పొటాషియం క్లోరైడ్‌లో ముంచానన్నారు. స్కాన్ అయ్యాక సెల్‌లోని ద్రావణం మీదే యూవీ టార్చ్ వేయండి, మెరిస్తే మీ శాంపిల్ అక్కడుంది. పైన పలుచగా నాఫియాన్ (పొరగా నిలిచే ఒక పాలిమర్) వేస్తే కొంత నిలుస్తుంది. గ్రాఫీన్ ఆక్సైడ్‌తో కలిపి హైడ్రోథర్మల్ (ఆటోక్లేవ్‌లో నీళ్లతో వేడి) చేస్తే ఇంకా నయం, ఎందుకంటే ఒంటి నిండా ఆక్సిజన్ గ్రూపులున్న డాట్స్ ఒంటరిగా కరెంటును అంత బాగా మోయవు.

ఎలక్ట్రోడ్‌ను పరీక్షించడానికి వాడే ఫెర్రిసైనైడ్‌తో కరెంటు తగ్గిందన్నారు. డాట్స్ మీది కార్బాక్సిల్ గ్రూపులు తటస్థ పీహెచ్‌లో రుణావేశంతో ఉంటాయి, ఫెర్రిసైనైడ్‌దీ రుణావేశమే, కాబట్టి తోసుకుంటాయి. అదే పూత మీద ధనావేశమున్న రుథీనియం హెక్సామీన్‌తో కూడా తీయండి. అక్కడ కరెంటు పెరిగితే తేడా ఆవేశానిది, కండక్టివిటీది కాదు. నాఫియాన్‌కూ రుణావేశమే, అందుకని ఒట్టి నాఫియాన్ పూతతో ఒక బ్లాంక్ (డాట్స్ లేని పోలిక కొలత) తప్పనిసరి.

ఎంఎస్సీ ప్రాజెక్టుకు ఒక్క సెమిస్టరే ఉందన్నారు. నన్నడిగితే ఈ డాట్స్‌తో సూపర్‌కెపాసిటర్ (వేగంగా ఛార్జ్ నిల్వ చేసే పరికరం) చేయాలన్న ఆలోచన పక్కన పెట్టి, డయాలసిస్‌కు ముందు శాంపిల్, తర్వాతి శాంపిల్, బయటి నీళ్లు, ఈ మూడింటినీ పోల్చడమే ప్రాజెక్టుగా పెట్టుకోండి. ఫ్లోరిమీటర్, యూవీ స్పెక్ట్రోమీటర్ ఉంటే చాలు, మీ గైడ్ కూడా కాదనరు.