చిన్నక్షరాలు చదవవే, సుధా

భీమవరం

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో "డాక్టరు చీటీ లేకుండా కొనుక్కునే మందులు ఇంట్లో ఏవేవి ఉంచుకోవాలో లిస్టు పంపు పెద్దమ్మా" అన్నావు. లిస్టు ఐదు నిమిషాల పని. కానీ ముప్ఫై ఒక్కేళ్లు ప్రభుత్వాసుపత్రిలో మందుల కిటికీ వెనక కూర్చున్నదాన్ని, లిస్టు ఒక్కటే పంపి ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు. అల్లుడికి కూడా చదివి వినిపించు. ఆ ఇంట్లో ఎక్కువ బిళ్లలు మింగేది అతనేనని మీ అమ్మ చెప్పింది.

ముందు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ తెచ్చి మంచం మీద పొయ్యి. పెద్దక్షరాల్లో ఉన్నది కంపెనీవాళ్లు పెట్టుకున్న పేరు. దాని పైనో కిందో చిన్నక్షరాల్లో ఉందే, అదీ మందు. డోలో, క్రోసిన్ రెండూ పారాసిటమాలే. కాంబిఫ్లామ్‌లో 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్‌తో పాటు 325 పారాసిటమాల్ ఉంటుంది. జలుబు బిళ్లలు తిప్పి చూడు, చాలావాటిలో మళ్లీ అదే.

మా వీధిలో ఒక కుర్రాడు జ్వరానికని రోజుకి మూడు డోలో 650లు, జలుబుకని 500 పారాసిటమాల్ ఉన్న బిళ్లలు నాలుగు, రాత్రి ఒళ్లునొప్పులకని ఒక కాంబిఫ్లామ్ వేసుకున్నాడు. లెక్క కట్టు. 1950, 2000, 325. మొత్తం 4275. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజు మొత్తానికి హద్దు 4000 మిల్లీగ్రాములు. మద్యం తాగేవాళ్లకి, తిండి సరిగా తిననివాళ్లకి, కాలేయం జబ్బున్నవాళ్లకి అంత కూడా పనికిరాదు. వాడు మూడు రకాల మందులు వాడుతున్నాననుకున్నాడు. ఉన్నది ఒకటే మందు, మూడు చొక్కాలు తొడుక్కుని వచ్చింది. మోతాదు మించితే మొదటిరోజు పెద్దగా ఏమీ తెలీదు. కాస్త వికారంగా ఉండి తగ్గిపోయినట్టే ఉంటుంది, కాలేయం దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకి గానీ బయటపడదు. అందుకని ఎక్కువ పడిందని అనుమానం వస్తే, బాగానే ఉన్నాగా అని ఇంట్లో కూర్చోకూడదు. దానికి విరుగుడు ఉంది, కానీ తొందరగా పడితేనే బాగా పనిచేస్తుంది.

ఇదంతా చదివి ఆ బిళ్లంటే భయపడేవు. మీ అత్తగారు వేడి చేస్తుందని బిళ్ల మాన్పించి, 102 జ్వరంలో రాత్రంతా నీ నుదుటిమీద తడిగుడ్డ వేసి కూర్చున్నారట. పెద్దావిడ, ఎదురు చెప్పకు, కానీ బిళ్ల వేసుకో. లెక్క ప్రకారం వేసుకుంటే దాన్ని మించిన నమ్మకమైన మందు నేను చూళ్లేదు. అర్ధరాత్రి ఆటో కోసం పరిగెత్తకుండా, తెల్లారేదాకా మనిషిని నిద్రపోనిస్తుంది. మూడురోజులైనా జ్వరం దిగకపోతే మాత్రం బిళ్లతో కాలక్షేపం చెయ్యకు.

ఇంకో మాట. వానాకాలం జ్వరం డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పుల బిళ్ల ముట్టుకోవద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ డెంగీలో రక్తస్రావం ముప్పు పెంచుతాయి. కాంబిఫ్లామ్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది, చిన్నక్షరాలు చూశావుగా.

ఇప్పుడు బుజ్జిగాడి సంగతి. నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది పసిపిల్లల మందే. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. సిరప్పులో ఐదు మిల్లీలీటర్లకి 125 గానీ 250 గానీ ఉంటుంది. ఒకావిడ సిరప్పు అయిపోయిందని చుక్కల సీసా కొని, పాత అలవాటుకొద్దీ చెంచాడు పట్టేసింది. 125 పడాల్సిన చోట 500! అదృష్టం, సీసా పట్టుకుని వెంటనే కిటికీ దగ్గరికి వచ్చింది. పిల్లలకి వయసును బట్టి కాదు, బరువును బట్టి వెయ్యాలి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. బుజ్జిగాడు 12 కిలోలుంటే ఒక మోతాదు 120 నుంచి 180, అంతే. మళ్లీ వెయ్యాలంటే ఆరు గంటలు ఆగు. వంటింటి చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో సైజు, సీసాతో వచ్చిన కొలత మూతతోనే పొయ్యి.

దగ్గు సిరప్పు ఇంట్లో ఉంచనే వద్దు. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గుమందు తాగి పసిపిల్లలు పోయిన సంగతి పేపర్లో చదివే ఉంటావు. అప్పుడే కేంద్రం, రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్లలోపు వాళ్లకి మామూలుగా అవసరం లేదని చెప్పింది. కల్తీ లేకపోయినా ఆ వయసులో వాటివల్ల ఒరిగేది తక్కువ. ఏడాది దాటినవాడు కాబట్టి పడుకోబోయే ముందు తేనె నాకించు, ముక్కులో సెలైన్ చుక్కలు వెయ్యి. బామ్‌లు కూడా వాడి ముక్కు దగ్గరికి తేవద్దు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టారని మీ తాతగారు గర్వంగా చెప్పేవారు, ఆ గర్వం నాకూ ఉంది. అయినా కర్పూరం, మెంథాల్ ఉన్నవి పెద్దవాళ్ల తలనొప్పికే.

విరేచనాలకి ఓఆర్ఎస్. అంత చవకలో ప్రాణం పోసే మందు ఇంకోటి లేదు. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం లీటరు నీళ్లలో, చిన్నదైతే దాని మీద రాసినన్ని నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ చిన్న గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లాడికి ఇంకా ముప్పు. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి నీళ్లు ఓఆర్ఎస్ కావు. వాటి మీద ఆ పేరు ఉండకూడదని మీ హైదరాబాదులోనే పిల్లల డాక్టరు శివరంజనీ సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు తీసెయ్యమని ఆదేశించింది. అక్కడా ఇదే గొడవ చూడు, పెద్దక్షరాల్లో ఒకటి, చిన్నక్షరాల్లో ఇంకోటి.

ఇక మా ఇంటి రామాయణం. మీ పెదనాన్న మోకాళ్ల నొప్పులకి నాకు తెలియకుండా వీధి చివర షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని రోజూ వేసుకున్నారు, రెండేళ్లు. బీపీ ఉన్న మనిషి. కాళ్లు వాచాక పరీక్ష చేయిస్తే, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 2.1, ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ. ఊళ్లో అందరికీ మందులిచ్చినదాన్ని, నా ఇంట్లో దిండు కింద ఏముందో చూసుకోలేకపోయాను. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు మూత్రపిండాలు పాడై చచ్చిపోతుంటే, 2006లో పశువులకి దాన్ని నిషేధించారు. నొప్పికి రెండు మూడు రోజులు, తిన్నాక, వేసుకుంటే తప్పులేదు. రోజూ కావాల్సి వస్తోందంటే డాక్టరుకి చూపించుకోవాలి. అల్లుడికి ఈ పేరా రెండుసార్లు చదువు.

తామరకి షాపువాడు ఇచ్చే క్రీముల్లో క్లోబెటసాల్, బీటామెథాసోన్ అని కనిపిస్తే తిరిగి ఇచ్చెయ్యి. అవి స్టీరాయిడ్లు. దురద రెండురోజుల్లో పోతుంది, తామర మాత్రం లోపల్లోపల పాకుతుంది.

చీటీ అక్కర్లేని మందులంటూ మన చట్టంలో విడిగా జాబితా లేదు. షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ అనే జాబితాల్లో ఉన్నవాటికి చీటీ కావాలి, మిగతావి అడిగితే ఇస్తారు. చీటీ కావాల్సినవాటి మీద ఎర్రగీత ఉంటుంది. గీత ఉన్నా అడిగితే ఇచ్చే షాపులున్నాయని నీకూ తెలుసు, నాకూ తెలుసు. గొంతు నొప్పికి యాంటీబయాటిక్ చేతిలో పెడితే గీత చూపించి వద్దను.

విడి బిళ్లలు కొనేటప్పుడు కత్తెర ఎటు పడుతోందో చూడు. గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతే నీ దగ్గర మిగిలేది పేరూ ఊరూ లేని బిళ్ల. స్ట్రిప్పు మొత్తం కొనుక్కో, లేదా కోయకముందు ఫోనులో ఫొటో తీసుకో.

సరే, నువ్వడిగిన లిస్టు. పారాసిటమాల్ 500 ఒక స్ట్రిప్పు, బుజ్జిగాడికి సిరప్పు ఒకే రకం (చుక్కలూ సిరప్పూ రెండూ పెట్టకు), ఓఆర్ఎస్ నాలుగు ప్యాకెట్లు, దద్దుర్లకి సెట్రిజిన్ (మత్తుగా ఉంటుంది, వేసుకుని స్కూటీ తియ్యకు), పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్, దూది, థర్మామీటరు. కడుపులో మంటకి యాంటాసిడ్ సీసా ఉంచుకో గానీ, నీ థైరాయిడ్ బిళ్లకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. దగ్గర్లో జన ఔషధి షాపుంటే అక్కడ కొను, చాలా చవక. ఇవన్నీ బుజ్జిగాడికి అందని అల్మారాలో పెట్టు, ఫ్రిజ్ మీద కాదు, అక్కడ వేడి.

వచ్చే నెల ఆవకాయ పట్టుకుని వస్తాను, అల్మారా చూస్తాను. ఈలోగా వాణ్ని కాటా ఎక్కించి బరువెంతో నాకు మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ