సన్నని తీగగా లాగిన ఉక్కుకు అంత బలం ఎలా వస్తుంది?

వేడి చేయకుండా అచ్చు రంధ్రాల గుండా తీవ్రంగా లాగినప్పుడు ఉక్కు లోపలి నిర్మాణం నానోమీటర్ల స్థాయికి సన్నబడుతుంది కనుకనే దాని బలం పెరుగుతుంది. లోహం శాశ్వతంగా వంగడమంటే దాని స్ఫటికాల్లోని లోపరేఖలు, అంటే డిస్‌లొకేషన్లు, కదలడమే. లాగుతున్నకొద్దీ అవి విపరీతంగా పెరిగి ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఉక్కు లోపలి పొరల సరిహద్దులు దగ్గరపడటంతో వాటికి కదిలే చోటూ తగ్గిపోతుంది.

తిరుపతి నుంచి తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే వాహనాల రేడియల్ టైర్లలోని ఉక్కు తీగనే తీసుకోండి. సుమారు 0.8 శాతం కార్బన్ ఉండే ఆ ఉక్కులో మెత్తని ఫెర్రైట్ (దాదాపు శుద్ధమైన ఇనుము), గట్టి సిమెంటైట్ (ఇనుము, కార్బన్‌ల సమ్మేళనం) పొరలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. తీగను దాదాపు 0.2 మిల్లీమీటర్ల మందానికి లాగేసరికి ఆ పొరలు తీగ పొడవునా వరుసతీరి, వాటి మధ్య దూరం కొన్ని పదుల నానోమీటర్లకు కుదించుకుపోతుంది. సిమెంటైట్ కొంత విచ్ఛిన్నమై అందులోని కార్బన్ ఫెర్రైట్‌లోకి చేరడం అన్నిటికన్నా విశేషం, ఎందుకంటే మామూలుగా ఫెర్రైట్ కార్బన్‌ను దాదాపు ఇముడ్చుకోదు. అలా తీగ బలం 3000 మెగాపాస్కల్స్ దాకా, అంటే ఇళ్ల స్లాబుల్లో వాడే 500 గ్రేడు కడ్డీకి ఐదారు రెట్లకు చేరుతుంది.

లాగడం వల్ల పరమాణువులు దగ్గరగా నొక్కుకుపోయి ఉక్కు చిక్కబడుతుందని చాలామంది అనుకుంటారు. సాంద్రత పెరగదు, నిజానికి అతిస్వల్పంగా తగ్గుతుంది. ఈ బలం శాశ్వతమనుకోవడమూ పొరపాటే: తీగను ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారిస్తే కొత్త స్ఫటికాలు ఏర్పడి అది చాలావరకు పోతుంది.